240 నిమిషాల్లో కుర్రవాళ్ళ వాటా ఎంత?

ఆటస్థలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో బాస్కెట్‌బాల్ గురించి వచ్చినవే ఎక్కువ. వాటిలోనూ చాలామంది అడిగింది ఒకటే సంగతి: వృత్తి జట్లలో చేరిన చిన్న వయసు ఆటగాళ్ళకు నిజంగా ఆడే అవకాశం వస్తుందా, లేక జట్టు చొక్కా వేసుకొని బెంచ్ మీద కూర్చోవడంతోనే వారి పని అయిపోతుందా? అందుకని ఈ సంచికలో శీర్షికనంతటినీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఆరేళ్ళుగా తెల్లవారుజామున లేచి గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటలు చూస్తున్నాను. 2020 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) జేమ్స్ వైజ్‌మన్‌ను రెండో స్థానంలోనూ, 2021లో జొనాథన్ కుమింగాను ఏడో స్థానంలోనూ, మోజెస్ మూడీని పద్నాలుగో స్థానంలోనూ తీసుకున్నారు. అంత పైనుంచి ఏరి తెచ్చుకున్న కుర్రవాళ్ళను బెంచ్ మీద కూర్చోబెట్టడం దేనికి? అనుభవజ్ఞులతో నిండిన జట్టులో ఇరవై ఏళ్ళవాడికి చెప్పుకోదగ్గ నిమిషాలు దొరకడం అసలు సాధ్యమేనా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: సాధ్యమే. కానీ ఎంత కష్టమో తెలియాలంటే ముందు చిన్న లెక్క వేసుకోవాలి. వారియర్స్ ఆడే అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు సాగుతుంది. మైదానంలో ఒక్కో జట్టుకు ఐదుగురు ఉంటారు కనుక కోచ్ పంచగలిగినవి మొత్తం 240 నిమిషాలు. ఒప్పందం ఉన్నవారు మాత్రం పదిహేను మంది, ఆ పైన అనుబంధ జట్టుకూ ప్రధాన జట్టుకూ మధ్య తిరిగే మరో ముగ్గురు. మొదటి ఐదుగురు తలా 33 నిమిషాలు ఆడితే 165 నిమిషాలు అక్కడే అయిపోతాయి. మిగిలిన 75 నిమిషాలను నలుగురైదుగురు పంచుకోవాలి. టైటిల్ కోసం సాగే చివరి దశ పోటీలైన ప్లేఆఫ్స్‌లో మొదటి ఐదుగురు 38 నిమిషాల చొప్పున ఆడారంటే మిగతా అందరికీ కలిపి మిగిలేది 50 నిమిషాలే. కుర్రవాడికి నిమిషాలు ఇవ్వడమంటే ఆ నిమిషాలను ఒక పెద్దవాడి దగ్గర తీసుకోవడమే. గెలుస్తున్న జట్టులో ఈ పంపకం ఎంత కటువుగా ఉంటుందో మీరు వారియర్స్‌లో చూశారు.

ఆ జట్టు ఆటతీరు కుర్రవాళ్ళకు మరింత కష్టమైనది. చాలా జట్లలో కొత్తవాడికి ఒక మూల చూపించి, బంతి వస్తే వేయమని చెబుతారు. వారియర్స్ దగ్గర అలా కుదరదు. స్టెఫెన్ కరీ బంతిని డ్రేమండ్ గ్రీన్‌కు ఇచ్చి తాను పరుగు తీస్తాడు. మిగతా ముగ్గురిలో ఒకడు వెళ్ళి కరీ వెంటపడుతున్న డిఫెండర్‌కు అడ్డు నిలవాలి, ఇంకొకడు ఖాళీ అయిన బాస్కెట్ వైపు దూసుకుపోవాలి, మూడోవాడు మూలకు జరిగి తన డిఫెండర్‌ను అక్కడికి లాక్కుపోవాలి. ఎవరు ఏది చేయాలో గీసి చూపించిన బొమ్మ ఉండదు, ఆ క్షణంలో డిఫెండర్ భుజం ఎటు తిరిగిందో చూసి నిర్ణయించుకోవాలి. కొత్తవాడు అర సెకను తటపటాయించి చేతులు చాచి నిలబడ్డాడంటే, అతని డిఫెండర్ కూడా అక్కడే నిలబడి కరీ దారిని మూసేస్తాడు. ప్రేక్షకుడికి అది తప్పుగా కనిపించదు. స్కోరు కాగితంలోనూ ఎక్కడా నమోదు కాదు. కోచ్ స్టీవ్ కర్ కంటికి మాత్రం అదే మొదట కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చెప్పిన ముగ్గురి సంగతికి వద్దాం. వైజ్‌మన్ కళాశాల స్థాయిలో ఆడినవి మూడంటే మూడు ఆటలు. తొలి సీజన్‌లో వారియర్స్‌కు 39 ఆటలు ఆడి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు, తరువాతి సీజన్ మొత్తం పోయింది, 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కు పంపేశారు. ఆటను చదవడం నేర్చుకోవలసిన వయసులో అతనికి ఆటే దొరకలేదు. ఇందులో అతని తప్పు ఏమీ లేదు, అతనికి అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. కుమింగా 2021-22లో 70 ఆటల్లో సగటున 17 నిమిషాలు ఆడాడు. పంతొమ్మిదేళ్ళవాడికి, అదీ ఆ ఏడాది టైటిల్ గెలిచిన జట్టులో, అది తక్కువేమీ కాదు. అయితే ఫైనల్స్ వచ్చేసరికి దాదాపు పూర్తిగా బెంచ్‌కే పరిమితమయ్యాడు. 2025 ఏప్రిల్‌లో సీజన్ చివరి ఆటలోనూ, ఆ వెంటనే ప్లేఆఫ్స్‌లో చోటు కోసం మెంఫిస్‌తో జరిగిన ప్లే-ఇన్‌లోనూ అతన్ని ఒక్క నిమిషం కూడా దించలేదు. అదే కుమింగా, మే నెలలో కరీ తొడ కండరం పట్టేసి ఆటకు దూరమైనప్పుడు, మినెసోటాపై మూడో ఆటలో 30 పాయింట్లు చేశాడు. నెల రోజుల్లో అతని ప్రతిభ మారిపోలేదు. మారినది అతని చుట్టూ ఉన్న నలుగురు. దూరం నుంచి బాగా వేయలేని జిమ్మీ బట్లర్, గ్రీన్ ఇద్దరూ ఉండగా మూడోవాడుగా కుమింగా కూడా దిగితే బాస్కెట్ కింద అంతా ఇరుకైపోతుంది. కరీ లేనప్పుడు బంతి పట్టుకొని దూసుకుపోయేవాడే జట్టుకు కావలసి వచ్చాడు.

ఇక అదే జట్టులో అదే కోచ్ దగ్గర నిమిషాలు సంపాదించుకున్న కుర్రవాళ్ళను కూడా చూడండి. జోర్డన్ పూల్‌ను 2019లో 28వ స్థానంలో తీసుకున్నారు. ఆ ఏడాది క్లే థాంప్సన్ గాయంతో సీజన్ మొత్తం ఆడలేదు, కరీ చెయ్యి విరిగింది, జట్టు 15 గెలిచి 50 ఓడింది. ఖాళీ ఉంది కాబట్టి పూల్‌కు నిమిషాలు దొరికాయి, కానీ అతను వేసిన మూడు బంతుల్లో ఒక్కటే పడేది. 2021 ఫిబ్రవరిలో అతన్ని ఒర్లాండోలో జరిగిన, అనుబంధ జట్లు ఆడే జీ లీగ్ పోటీలకు పంపారు. అక్కడ ఆటను తన చేతుల్లోకి తీసుకొని ఆడి వచ్చి, మరుసటి సీజన్‌లో సగటున 18.5 పాయింట్లు చేసి, ఫ్రీ త్రోల్లో 92.5 శాతంతో లీగ్ మొత్తానికీ మొదటివాడుగా నిలిచి, 2022 టైటిల్‌లో తన వంతు తాను మోశాడు.

బ్రాండిన్ పొజెమ్స్కీ కథ మరోలా నడిచింది. 2023లో 19వ స్థానంలో వచ్చిన ఆ ఎడమచేతివాటం కుర్రవాడు తొలి ఏడాదే సగటున 26 నిమిషాలకు పైగా ఆడాడు. 2024 ఫిబ్రవరి 15న యూటాలో జరిగిన ఆటలో పొజెమ్స్కీని మొదటి ఐదుగురిలో దించి, నాలుగు టైటిళ్ళ వీరుడైన థాంప్సన్‌ను బెంచ్ నుంచి పంపారు. పుష్కరకాలంగా మొదటి ఐదుగురిలో దిగుతున్న మనిషికి అది ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. ఆ రాత్రి థాంప్సన్ 35 పాయింట్లు చేసి పెద్దమనిషితనం చాటుకున్నాడు.

నా మాటగా చెప్పాలంటే, తప్పు నిమిషాలు పంచడంలో కన్నా ఎంపికలో ఎక్కువ ఉంది. ఒకవైపు కరీ ఉండగానే మరో టైటిల్, మరోవైపు అతని తరువాతి కాలానికి జట్టు అంటూ వారియర్స్ రెండు పడవల మీద కాళ్ళు పెట్టారు. చదివి ఆడవలసిన జట్టుకు అతి తక్కువ ఆడిన కుర్రవాళ్ళను తెచ్చుకున్నారు. 2023లో మాత్రం కళాశాలలో రెండేళ్ళు గడిపిన పొజెమ్స్కీనీ, ఇండియానాలో నాలుగేళ్ళు ఆడి 57వ స్థానంలో వచ్చిన ట్రేస్ జాక్సన్-డేవిస్‌నూ తీసుకున్నారు. ఇద్దరూ తొలి ఏడాదే రొటేషన్‌లో, అంటే క్రమంగా ఆడేవారి వరుసలో, నిలబడ్డారు.

ప్రశ్న: పద్దెనిమిదేళ్ళకే ఎన్‌బీఏలో ఆడవచ్చా? లెబ్రాన్ జేమ్స్ పాఠశాల నుంచి నేరుగా వచ్చి మొదటి రోజు నుంచే ఆడాడు కదా?
(ఒక విద్యార్థిని, నెల్లూరు)

జవాబు: పాఠశాల నుంచి నేరుగా రావడం ఇప్పుడు కుదరదు. 2006 డ్రాఫ్ట్ నుంచి, ఆ ఏడాదిలోపు పంతొమ్మిదేళ్ళు నిండేవారికే అర్హత. అమెరికా కుర్రవాళ్ళయితే తమ తోటివారు పాఠశాల చదువు ముగించి ఏడాది గడవాలి. కెవిన్ గార్నెట్ 1995లో, కోబీ బ్రయంట్ 1996లో, లెబ్రాన్ 2003లో ఆ నియమం లేని కాలంలో నేరుగా వచ్చారు. లెబ్రాన్ తొలి ఏడాది ఆటకు దాదాపు 40 నిమిషాలు ఆడిన మాట నిజం. అతను అసామాన్యుడన్నదీ నిజమే, అయితే అతను చేరిన క్లీవ్‌లండ్ జట్టు అంతకు ముందు సీజన్‌లో 82 ఆటల్లో 17 మాత్రమే గెలిచిందన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. అక్కడ అతనికి అడ్డు వచ్చే పెద్దవాళ్ళు లేరు.

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయికి పదిహేనేళ్ళు, పాఠశాల జట్టులో ఆడుతున్నాడు. మా ఊరి జీ లీగ్ జట్టు టెక్సస్ లెజెండ్స్ ఆటలకు వాణ్ణి తీసుకువెళుతుంటాము. సత్నామ్ సింగ్ ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడాడని తెలిసి, అతను ఎన్‌బీఏ వరకు ఎందుకు వెళ్ళలేకపోయాడని వాడు అడుగుతున్నాడు. జీ లీగ్‌కు పంపడమంటే పక్కన పెట్టడమేనా?
(ఒక తల్లి, ఫ్రిస్కో)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న ఎంతో విలువైనది. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లెలో పుట్టిన సత్నామ్, పద్నాలుగేళ్ళ వయసులో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు. 2015లో డల్లాస్ మావెరిక్స్ అతన్ని 52వ స్థానంలో ఎంచుకున్నప్పుడు, భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడయ్యాడు. ఆ రోజు మనమంతా పొంగిపోయాము. కానీ ఎన్‌బీఏ ఆటలో ఒక్క నిమిషం కూడా అతనికి దక్కలేదు. మీ ఊరి జట్టులో రెండు సీజన్లు ఉన్నా అక్కడా ఎక్కువసేపు బెంచ్ మీదే గడిచింది.

దీనికి అతని కష్టంలో లోపం కన్నా కాలం మారడమే పెద్ద కారణమని నేను అనుకుంటున్నాను. సరిగ్గా ఆ ఏడాదే వారియర్స్ చిన్న ఐదుగురితో, దూరపు షాట్లతో టైటిల్ గెలిచారు. దానితో బాస్కెట్ కింద నిలబడి ఎత్తుతో నెగ్గే సెంటర్‌ను ఇరవై ఐదు అడుగుల దూరానికి లాగి, బంతి నడిపించే చురుకైన గార్డును కాపలా కాయమని పరీక్ష పెట్టే ఆట అన్ని జట్లకూ పాకింది. ఆ పరీక్షకు కావలసిన కాళ్ళ వేగం అంత భారీ శరీరానికి రావడం చాలా కష్టం. అదే ఏడాది ఏప్రిల్‌లో శాక్రమెంటో కింగ్స్‌కు ఆడిన కెనడా పంజాబీ సిమ్ భుల్లర్ ఎత్తు ఏడడుగుల ఐదంగుళాలు. భారత సంతతి నుంచి ఎన్‌బీఏ మైదానంలో దిగిన మొదటివాడన్న పేరు అతనికి నిలిచింది, కానీ ఆ ముచ్చట మూడు ఆటలతో ముగిసిపోయింది. ఆ తరువాత గ్రేటర్ నోయిడాలోని ఎన్‌బీఏ అకాడమీ నుంచి వెళ్ళిన ప్రిన్స్‌పాల్ సింగ్ 2020-21లో జీ లీగ్ ఇగ్నైట్ అనే జట్టులో ఉన్నాడు. పైన చెప్పిన కుమింగా అప్పుడు అదే జట్టులో అతని సహచరుడు. ఒకే బెంచ్ మీద నుంచి లేచిన ఇద్దరిలో ఒకడు ఏడో స్థానంలో ఎంపికయ్యాడు, రెండోవాడు ఎంపిక కాకపోయినా, కుర్రవాళ్ళ కోసం వేసవిలో జరిపే సమ్మర్ లీగ్‌లో 2021లో విజేతగా నిలిచిన కింగ్స్ జట్టులో సభ్యుడయ్యాడు.

ఇక మీ రెండో ప్రశ్న. జీ లీగ్‌కు పంపడం పక్కన పెట్టడం కాదు. ఎన్‌బీఏ బెంచ్ మీద కూర్చొని ఫలితం తేలిపోయిన ఆటలో చివరి మూడు నిమిషాలు ఆడటం కన్నా, అక్కడ 35 నిమిషాలు తప్పులు చేస్తూ ఆడటం మేలు. పాస్కల్ సియాకమ్‌ను చూడండి. 2016లో టొరంటో రాప్టర్స్ 27వ స్థానంలో తీసుకున్న ఆ కామెరూన్ కుర్రవాడు తొలి ఏడాది 38 ఆటల్లో మొదటి ఐదుగురిలో దిగాడు, తరువాత ఆ చోటు పోగొట్టుకున్నాడు. అప్పుడతన్ని అనుబంధ జట్టు రాప్టర్స్ 905కు పంపారు. చాలామంది అలాంటప్పుడు ముఖం ముడుచుకుంటారు. సియాకమ్ ఆ జట్టుతో 2017 టైటిల్ గెలిచి, ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి ఆటలో, వారియర్స్ మీద 32 పాయింట్లు చేశాడు. ఈసారి లెజెండ్స్ ఆటకు వెళ్ళినప్పుడు ఎవరు ఎన్ని పాయింట్లు చేశారన్నది కాకుండా, బంతి చేతిలో లేనప్పుడు ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో గమనించమని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: నేను కళాశాల జట్టులో గార్డుగా ఆడుతున్నాను. కోచ్ సీనియర్లనే ఎక్కువగా ఆడిస్తారు. నా షూటింగ్ వాళ్ళ కన్నా బాగుంటుంది. కోచ్ నమ్మకం సంపాదించాలంటే నేను దేన్ని సాధన చేయాలి?
(ఒక ఆటగాడు, హనుమకొండ)

జవాబు: మీరు ఆడే ఆట పది నిమిషాల క్వార్టర్లతో 40 నిమిషాలది కనుక మీ కోచ్ చేతిలో ఉన్నవి 200 నిమిషాలే, ఆశపడేవారు పన్నెండు మంది. షూటింగ్ బాగున్నవాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. కోచ్ మనసులో మెదిలే ప్రశ్న వేరు: ఇతన్ని దింపితే అవతలివాళ్ళు ఇతని మీదికే బంతి తెస్తారా? ఆ భయం పోగొట్టండి, ముందు నాలుగు నిమిషాలు వస్తాయి, తరువాత ఎనిమిది వస్తాయి.

లుగెంట్జ్ డోర్ట్ 2019 డ్రాఫ్ట్‌లో ఎవరికీ అక్కరలేకపోయాడు. ఓక్లహోమా సిటీ థండర్ అతన్ని రెండు జట్ల మధ్య తిరిగే ఒప్పందం మీద చేర్చుకుంది. షూటింగ్ అప్పట్లో అంతంతమాత్రమే. కానీ ప్రత్యర్థి జట్టులో అందరికన్నా ప్రమాదకారిని అప్పగిస్తే వదిలిపెట్టడు. 2020 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌తో ఏడో ఆటలో, ఆ సిరీస్ పొడవునా హ్యూస్టన్ మేటి ఆటగాడు జేమ్స్ హార్డెన్‌కు ఊపిరి ఆడనివ్వని డోర్ట్, తానే 30 పాయింట్లు కూడా చేశాడు. 2025లో థండర్ టైటిల్ గెలిచినప్పుడు మొదటి ఐదుగురిలో అతనున్నాడు. అదే జట్టులో 2023లో పదో స్థానంలో వచ్చిన కేసన్ వాలెస్ తొలి సీజన్‌లో 82 ఆటలకు 82 ఆడాడు, ఆటకు ఇరవై నిమిషాల చొప్పున. అతనికి ఆ నిమిషాలు తెచ్చిపెట్టింది కూడా కాపలా కాసే నేర్పూ, మూలలో నిలబడి వచ్చిన బంతిని ఆలస్యం లేకుండా వేయడమూ.

కాబట్టి ఒక పని చేయండి. బంతి మీకు దూరంగా ఉన్న మూలకు వెళ్ళిందనుకోండి. పెయింట్‌లో (బాస్కెట్ ముందున్న గళ్ళలో) సహాయానికి నిలబడిన మీరు ఆ షూటర్ మీదికి పరుగెత్తాలి. మొదటి మూడు అడుగులు పొడవుగా, ఎంత వేగం ఉంటే అంత వేగంగా పడాలి. చివరి రెండడుగులు పొట్టివి కావాలి, నడుము కిందికి దిగాలి, ఒక చెయ్యి షూటర్ కళ్ళ ఎదుటికి లేవాలి. చివరి అడుగులు కూడా పొడవుగా పడితే అతను బంతి ఎత్తినట్టు నటించి మీ పక్కనుంచి జారిపోతాడు. వేగం మరీ తగ్గించుకుంటే తాపీగా వేసేస్తాడు. రోజుకు యాభైసార్లు దీన్ని చేసి చూడండి, మూడు వారాల్లో మీ కోచ్ గమనించకపోతే నాకు మళ్ళీ రాయండి. పొజెమ్స్కీ ఎత్తులోనూ వేగంలోనూ లీగ్‌లో సగటు ఆటగాడే. దూసుకువస్తున్న ఆటగాడి దారిలో ముందే కాళ్ళు నాటుకొని నిలబడి, ఛాతీ మీద దెబ్బ తిని, చార్జింగ్ ఫౌల్ రాబట్టడంలో మాత్రం తొలి సీజన్‌లోనే లీగ్‌లో ముందు వరుసలో నిలిచాడు. అందుకు ఎత్తు పని లేదు, ఒక క్షణం ముందుగా చూడటం కావాలి, నొప్పికి సిద్ధపడటం కావాలి.

మరొకటి, నోరు తెరవండి. అడ్డు వస్తోందని వెనకనుంచి కేక వేసేవాడు ఉంటే ముందున్నవాడికి ధైర్యం. మన జిల్లా స్థాయి ఆటల్లో కుర్రవాళ్ళు సీనియర్ల ముందు గట్టిగా మాట్లాడటానికి మొహమాటపడతారు. మైదానంలో ఆ మొహమాటం మర్యాద కాదు.

ప్రశ్న: మీ జవాబులన్నీ కోచ్‌ల వైపే మొగ్గుతున్నాయి. కోచ్‌లు ఎప్పుడూ పొరపాటు పడరా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు)

జవాబు: పడతారు మాస్టారూ, ఘోరంగా పడతారు. 1996లో పోర్ట్‌లండ్ జట్టు జెర్మేన్ ఓనీల్‌ను 17వ స్థానంలో తీసుకుంది. ఎన్‌బీఏలో దిగినప్పుడు అతనికి పద్దెనిమిదేళ్ళు నిండి రెండు నెలలు కూడా కాలేదు. పేరున్న పొడగరులు ముందు వరుసలో ఉన్న ఆ జట్టులో నాలుగు సీజన్లు గడిపినా ఆటకు సగటున పదీ పన్నెండు నిమిషాలకు మించి అతనికి దక్కలేదు. 2000లో ఇండియానాకు పంపేశారు. అక్కడ మొదటి ఐదుగురిలో నిలబడి, రెండో ఏడాదికే లీగ్‌లో అందరికన్నా ఎక్కువ మెరుగుపడిన ఆటగాడి అవార్డు అందుకున్నాడు, లీగ్ మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ ఆటకు ఆరుసార్లు ఎంపికయ్యాడు. పోర్ట్‌లండ్‌కు 2000లో టైటిల్ అందినట్టే అంది చేజారింది కనుక ఆనాటి కోచ్ తొందరను అర్థం చేసుకోగలను. కానీ ఇరవై ఒక్కేళ్ళవాడి చేతిలో ఏముందో ఏళ్ళ తరబడి రోజూ చూస్తూ కూడా గుర్తించకపోవడాన్ని నేను సమర్థించలేను.

అదే డ్రాఫ్ట్‌లో 13వ స్థానంలో వచ్చిన కోబీ బ్రయంట్‌కు లేకర్స్ కోచ్ డెల్ హారిస్ తొలి సీజన్‌లో సగటున పదిహేనున్నర నిమిషాలు ఇచ్చాడు. 71 ఆటల్లో ఆరింటిలోనే మొదటి ఐదుగురిలో దించాడు. అప్పట్లో చాలామంది హారిస్‌ను తప్పుపట్టారు. అయితే 1997 మే 12న యూటాతో ప్లేఆఫ్ ఐదో ఆటలో, షకీల్ ఓనీల్ ఆరు ఫౌళ్ళతో బయటికి వెళ్ళిపోయిన వేళ, అదే హారిస్ ఆట నెగ్గే చివరి షాట్‌ను పద్దెనిమిదేళ్ళ ఆ కుర్రవాడి చేతిలో పెట్టాడు. బంతి రింగును కూడా తాకకుండా కింద పడింది. అదనపు సమయంలో మరో మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ అలాగే పడింది. లేకర్స్ ఓడి ఇంటిదారి పట్టారు.

ఆ నాలుగు షాట్లలో గురి తప్పలేదని, కాళ్ళలో సత్తువ లేక బంతి రింగు వరకు చేరలేదని, పాఠశాలలో ముప్పై చిల్లర ఆటల సీజన్‌కు అలవాటుపడిన శరీరం ఎనభై రెండు ఆటల సీజన్‌కు చాలలేదని కోబీయే తరువాతి కాలంలో చెప్పాడు. ఆ వేసవంతా కాళ్ళకు బలం తెచ్చుకోవడానికే వెచ్చించాడు. మరుసటి సీజన్‌లో హారిస్ అతనికి 26 నిమిషాలు ఇచ్చాడు.